కోటు లోపలి పన్నెండు మాటలు

కాలరు మాస్టారు టేపు చేతిలోకి తీసుకున్నాడంటే నోరు కూడా పనిలోకి దిగినట్టే. వచ్చినవాడు చేతులు చాపి నిలబడగానే మొదటి ఘనత వచ్చేసేది: పదమూడో ఏట ఎవరి సాయమూ లేకుండా కాలరు కుట్టడం. ఛాతీ కొలత దగ్గర రెండోది: ఒక భుజం జానెడు దిగిన పెళ్లికొడుకుని ఫొటోలో నిటారుగా నిలబెట్టిన కోటు. నడుం దగ్గర మూడోది: ముగ్గురు న్యాయమూర్తులు, ఒకరి తర్వాత ఒకరు, ఆయన చేతి కోటులోనే రిటైరవ్వడం. పొడవు కొలిచేటప్పటికి చివరిదీ అసలుదీ. ఊరి బడిలో ఐదో తరగతితో చదువు ఆగిపోయిన తాను, డిగ్రీ చదివిన ముగ్గురికి కటింగు నేర్పాడు. వాళ్లలో ఇద్దరికి ఇప్పుడు సొంత షాపులున్నాయి. మూడోవాడి సంగతి ఆయన చెప్పడు, మనం అడగకూడదు.

ఇవన్నీ వినడం కొలతలో భాగమని వాడకందార్లకు తెలుసు. కాదన్నవాడికి చంక దగ్గర బిగిసేదని ఒక ప్రచారం కూడా ఉండేది. అది అబద్ధం. ఆయన చేతి కోటు నలభై ఏడేళ్లలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

ఒక మాట మాత్రం ఆయన అందరికీ చెప్పేవాడు కాదు. పనితనం తెలిసినవాడు దొరికితేనే చెప్పేవాడు. కోటు ఛాతీ నిలబడాలంటే పై గుడ్డకీ లైనింగుకీ మధ్య కాన్వాసు వేస్తారు. ఆ కాన్వాసు అంచున మిల్లువాళ్లు సన్నటి ఇంగ్లీషు అక్షరాలతో తమ ముద్ర కొడతారు. లోపల ఉండేది ఎవరు చూడొచ్చారని చాలామంది దాన్ని అలాగే పెట్టి కుట్టేస్తారు. మాస్టారు పెట్టడు. "నా కోటు విప్పి చూసినవాడికి లోపల నా కుట్టు కనపడాలి గానీ ఎవడి పేరో కనపడకూడదు" అనేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ అక్షరాలు మిల్లు ముద్రలుగా తప్ప మరో రకంగా ఆయనకు పరిచయం లేదు.

ఆయనకొక తమ్ముడు. ఏడేళ్లు చిన్న. సరిహద్దులు దాటి సరుకు చేరవేసే పెద్ద లారీ నడిపేవాడు. అన్న మాటల పుట్ట అయితే ఇతను మూట. అవసరమైతే విప్పుతాడు, లేకపోతే లేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే దారిన నడిచి ఈ ఊరు చేరినవాళ్లు. కానీ ఆ దారి ఒకరికి ఒకటి నేర్పితే మరొకరికి ఇంకొకటి నేర్పింది.

పుట్టిన ఊళ్లో గొడవలు ముదిరి, ఉన్నదంతా వదిలేసి బయల్దేరినప్పుడు మాస్టారుకి పదమూడు, తమ్ముడికి ఆరు. తండ్రీ దర్జీయే. ఇల్లు మోసుకుపోలేరు, మిషను మోసుకుపోలేరు. తల్లి బంగారు గాజులు నాలుగూ నలగ్గొట్టి, తన కోటు అంచు మడతలో పెట్టి కుట్టాడు తండ్రి. అంత పని చేసిన చెయ్యి కోటు పైన చిన్న ముడత కూడా రానివ్వలేదు. తెల్లవారి మంచులో సరిహద్దు గేటు దగ్గర సిపాయి అందర్నీ తడిమి చూశాడు. గాజులు వాడి చేతికి తగల్లేదు. ఆ సిపాయి చలికి వణుకుతున్నాడు. కోటు బాగుంది. విప్పమన్నాడు, వేసుకున్నాడు, దాటిపొమ్మన్నాడు.

మైలు దూరం తండ్రి ఉత్త చొక్కా మీదే నడిచాడు. ఆ తర్వాత, "వాడికి సరిగ్గా సరిపోయింది చూశారా" అన్నాడు. తల్లి నవ్విందో ఏడ్చిందో మాస్టారుకి ఇప్పటికీ తెలియదు.

కొత్త ఊళ్లో వాళ్లని ఆదుకున్నది ఒక రిజిస్టరు. తండ్రి పెళ్లికాక ముందు రెండేళ్లు ఇక్కడ పని నేర్చుకున్నాడు. దర్జీల సంఘం గుమాస్తా మూడు రోజులు పాత పుస్తకాలు తిరగేసి ఆయన పేరు పట్టుకున్నాడు. ఆ పేరు మీద ఒక మిషను ఇప్పించాడు. పదమూడేళ్ల పిల్లవాడికి అప్పుడే మనసులో పడిపోయింది: మనిషి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, దాన్ని వెతికి తీసేవాడు ఒకడు ఉండాలి. ఆరేళ్లవాడి మనసులో పడింది వేరు. చేతికి తగిలేది ఏదైనా సరే, ఎవడో ఒకడు విప్పించుకుంటాడు.

అందుకే పెద్దయ్యాక మాస్టారు మిగిలిందంతా నెలనెలా ఇండెక్స్ ఫండులో వేశాడు. ఫండ్ల ఆఫీసు మేడమ్ మొదటి రోజు గీతలూ అంకెలూ చూపించబోతే ఆపి, తన భాషలో తనే చెప్పుకున్నాడు: షాపులో ఒకే తాను కొని పెట్టుకుంటే అది రంగు వెలిస్తే మునిగిపోతాం, ఉన్న తానులన్నిట్లోంచీ తలా ఒక గజం కోసి పెట్టుకుంటే ఏదో ఒకటి వెలిసినా మిగతావి నిలబడతాయి. మేడమ్ నవ్వి, నేను అరగంట చెప్పేది మీరు అరనిమిషంలో చెప్పారండీ అంది. అది కూడా ఘనతల్లో చేరింది. వేళ్లు పట్టుతప్పిన నాటికి, సూదిలో దారం ఎక్కని నాటికి ఆ ఫండే తన వేళ్లు అని ఆయన లెక్క. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ మాత్రం చూసుకోవాలి కదా.

తమ్ముడు తన కష్టమంతా కంప్యూటర్లలోనే ఉండే క్రిప్టో నాణేల్లో పెట్టాడు. ఆదివారం లారీ దిగి షాపుకి వచ్చేవాడు. అతని కూతురు బేకరీలో పనిచేసేది. వేడివేడి బన్నులు పట్టుకొచ్చి ఇద్దరి మధ్యా కూర్చునేది. తల్లి లేని పిల్ల. కాస్త పెదనాన్న పెంచాడు, కాస్త మిషను చప్పుడు పెంచింది. ఎవరిది గొప్పో తేల్చే జడ్జి ఆ పిల్లే. ఆరేళ్లలో ఒక్క తీర్పూ ఇవ్వలేదు.

మాస్టారు ఎగతాళి ఎప్పుడూ ధర మీదే. ఒక ఏడు సగానికి సగం పడిపోయి, మరుసటి ఏడు రెండింతలయ్యే వస్తువుని దాచుకునేది అని ఎలా అంటార్రా అనేవాడు. పొద్దున మోకాళ్ల దాకా, సాయంత్రం బొడ్డు దాకా ఉండే కోటు ఎవడేసుకుంటాడు అనేవాడు. తన ఫండు వెనక మిల్లులు ఆడుతున్నాయి, కొట్లు అమ్ముతున్నాయి, తమ్ముడిలాంటి వాళ్లు లారీలు తోలుతున్నారు. ఆ రాబడే అందులోకి వస్తుంది. నీ దాని వెనక ఏముంది, ఇంకొకడు కొంటాడన్న ఆశ తప్ప? తమ్ముడు ఒప్పుకునేవాడు. పడుతుంది, లేస్తుంది, నిజమే. కానీ అతని వాదం ధర గురించి కాదు. మోసుకుపోవడం గురించి.

"అన్నయ్యా, మళ్లీ ఆ గేటు దగ్గర నిలబడాల్సొస్తే నీ ఫండు ఎక్కడుంటుంది?"

"రిజిస్టర్లో. నా పేరు మీద."

"రిజిస్టరు గేటు వెనకే ఉండిపోతుంది. వాళ్లకి కోపమొస్తే నీ పేరు మీద ఒక గీత కొడతారు. నాది పన్నెండు మాటలు. వరస తప్పకుండా చెప్తే ప్రపంచంలో ఎక్కడైనా నా సొమ్ము నాకొచ్చేస్తుంది. ఒంటిమీద నూలుపోగు లేకుండా దాటినా నాతోనే దాటుతుంది."

"నూలుపోగు లేకుండా దాటేవాడికి ముందు కావలసింది దర్జీరా, డబ్బు కాదు."

పిల్ల బన్ను నోట్లో పెట్టుకుని పొలమారేలా నవ్వింది. మాస్టారు ఆ నవ్వుతో ఊపందుకుని అసలు సంగతి అడిగేశాడు. నేను మర్చిపోయినా నా ఆఫీసు నన్ను మర్చిపోదు, ఫలానా మనిషి రాలేదేమని ఉత్తరం ముక్కైనా రాస్తారు. నువ్వు మర్చిపోతే నిన్ను అడిగేదెవరు? తమ్ముడు, అడిగేవాడు లేకపోవడమే దాని గొప్ప అన్నాడు. ఫోనులో కూడా పెట్టుకోలేదట. గేటు దగ్గర ముందు లాక్కునేది ఫోనేనట.

"తలలోనే ఉందనుకో. తల మాత్రం శాశ్వతమా?"

"ఇంకోచోట కూడా రాసి పెట్టాను."

"ఎక్కడ?"

"నీకు చెప్తే నడుం కొలత దగ్గరికొచ్చేసరికి ఊరందరికీ తెలుస్తుంది."

మాస్టారు కూడా నవ్వాడు. నిజమే కదా.

ఆ సొమ్ము దేనికో మాత్రం మాస్టారుకీ పిల్లకీ తెలుసు. బేకరీ యజమాని ముసలివాడైపోయాడు. ఏడాదిలో అమ్మేస్తానన్నాడు. బయటివాళ్లకు చెప్పకముందు ఈ పిల్లకే మాటిచ్చాడు. పొయ్యిలతో సహా ఆ షాపు కూతురికి కొనిపెట్టడం తమ్ముడి జీవితంలో మిగిలిన ఒకే ఒక్క పని. అది అతను నోరు విప్పి చెప్పిన మాట. నీకు ఇంకొకరి పొయ్యి ముందు నిలబడే ఖర్మ వద్దమ్మా అన్నాడు.

గడువు ఇంకా నాలుగు నెలలుండగా, గోడౌన్లో సరుకు దింపిస్తూ తమ్ముడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. డాక్టరమ్మ మాస్టారుని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. మాటలు పోలేదండీ, లోపలే ఉన్నాయి, బయటికొచ్చే దారి మూసుకుపోయింది. రాయడమూ అంతే, ఎడమ చేత్తో అయినా రాదు. అతని నోట మిగిలింది ఒకే మాట: గేటు. మంచినీళ్లు కావాలన్నా గేటు, దుప్పటి కప్పమన్నా గేటు, కూతురు కనపడితే కళ్లనీళ్లతో గేటు. ఎందుకు ఆ మాటే మిగిలిందో డాక్టరమ్మకు తెలియదు. మాస్టారు చెప్పలేదు. తమ్ముడి గురించి ఆయన చెప్పకుండా ఉండిపోయిన మొదటి సంగతి అది.

ఆస్పత్రివాళ్లు తమ్ముడి బట్టలు ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చారు. అందులో కోటు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, తమ్ముడు మొదటిసారి సొంత లారీ ఎక్కిన రోజు మాస్టారు కుట్టి ఇచ్చినది. చలికాలమంతా అతని ఒంటిమీద అదే. ఇప్పుడు చెయ్యి నుంచి ఛాతీ దాకా కత్తెరతో చీల్చేశారు. ప్రాణం కాపాడే తొందర, వాళ్లను అనడానికి లేదు. కానీ మాస్టారు ఆ చీలిక అంచులు రెండూ దగ్గరికి లాగి కలిపి పట్టుకున్నాడు. తమ్ముణ్ణి మంచం మీద చూసినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

తమ్ముడు ఇంటికొచ్చే రోజుకి ఆ కోటు సిద్ధంగా ఉండాలి. మనిషిని బాగుచెయ్యడం తన చేతిలో లేదు, కోటు ఉంది. మాస్టారు రెండు ఆర్డర్లు పక్కనపెట్టి లైనింగు మొత్తం విప్పాడు.

ఎడమ ఛాతీ కాన్వాసు మీద వేలెడు వెడల్పు గుడ్డపట్టీ ఒకటి కుట్టి ఉంది. దాని నిండా సన్నటి ఇంగ్లీషు అక్షరాలు.

మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. మిల్లు ముద్ర. తన కోటులో. ఆ కుట్టు కూడా తనదే అనిపించింది. తండ్రి నేర్పిన కుట్టు కాస్త ఎడమకి వాలుతుంది. ఆ వాలు ఈ ఊళ్లో ఇంకెవరి చేతిలోనూ లేదు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, సొంత షాపు పెట్టిన కొత్తలో, పని ఒత్తిడిలో ఇంత మొరటుతనం చేశానా అని ఆయన ముఖం వేడెక్కింది. సొంత తమ్ముడి కోటులో. తండ్రి ఆ వాలుని ఇద్దరు కొడుకులకీ నేర్పాడన్న సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు. తమ్ముడు లారీ ఎక్కాక సూది పట్టగా ఎవరూ చూడలేదు.

పట్టీని తెగ్గోసి పీలికల సంచిలో పడేశాడు. పనిలో పనిగా కాన్వాసు కూడా మార్చేశాడు. గురువారం పీలికలవాడు బండి తెచ్చి ఎప్పటిలాగే సంచి పట్టుకుపోయాడు. ఆ వారం వచ్చిన ఒక లాయరుకి ఛాతీ కొలుస్తూ మాస్టారు చెప్పాడు కూడా: ఎవరూ చూడని తప్పుని కూడా నా అంతట నేను దిద్దుకున్నానండీ.

తమ్ముడు ఇంటికొచ్చిన రోజు పెదనాన్నా కూతురూ కలిసి అతనికి కోటు తొడిగారు. కుట్టు వేసిన చోటు పట్టుకోగలిగినవాడు లేడు. పిల్ల, పెదనాన్నా మీరు దేవుడండీ అంది. మాస్టారు నోరు తెరిచి న్యాయమూర్తుల సంగతి ఎత్తుకోబోతున్నాడు.

తమ్ముడి ఎడమ చెయ్యి కోటు లోపలికి పోయింది. ఎడమ ఛాతీ దగ్గర నొక్కింది, తడిమింది, మళ్లీ నొక్కింది. అతని కళ్లు అన్న ముఖం మీదికొచ్చాయి.

"గేటు" అన్నాడు. "గేటు. గేటు."

పిల్ల మంచినీళ్లు తెచ్చింది. అతను గ్లాసు తోసేశాడు. తడుముతూనే ఉన్నాడు. మాస్టారు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. గేటు. కోటు. కోటులో పెట్టి కుట్టిన గాజులు. తండ్రి చెయ్యి. ఎడమకి వాలిన కుట్టు.

బయటికి వెళ్లొస్తానని చెప్పి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నడిచాడు. పీలికలవాడి చిరునామా పట్టుకుని ఊరవతల మిల్లుకి వెళ్లాడు. పరుపుల్లోకి కూరే సరుకు తయారుచేసే మిల్లు అది. గుడ్డముక్కలు ఒకవైపు నుంచి పోతే రెండోవైపు నుంచి రంగురంగుల పొట్టు వస్తోంది. హాలు సగందాకా పొట్టే. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని చేతులు పెట్టి కెలకడం మొదలుపెట్టాడు. మిషను దగ్గరున్న మనిషి వచ్చి, ఏం పోయింది తాతా, ఉంగరమా అని అడిగాడు.

"ఇంగ్లీషు అక్షరాలున్న గుడ్డ. మిల్లు ముద్రలాంటిది."

"ఇక్కడ అందరిదీ అదే తాతా" అన్నాడు ఆ మనిషి, నొప్పించాలని కాదు. కాసేపు తనూ పక్కన కూర్చుని వెతికాడు.

మర్నాడు మాస్టారు ఫండ్ల ఆఫీసుకి వెళ్లాడు. పాత మేడమ్ ఇంకా అక్కడే ఉంది, జుట్టు నెరిసింది. మార్కెట్టు పడి ఉంది, ఇప్పుడు తీస్తే నష్టం, ఆరు నెలలాగండి అంది. ఆయన ఆగనన్నాడు. సంతకం పెట్టమంటే పెట్టాడు, పాతదానితో కలవలేదు. వేళ్లు అప్పటికే కాస్త బిగుసుకుంటున్నాయి. మూడుసార్లు పెట్టినా కలవకపోతే, ఇక అయిపోయింది కాబోలు అనుకున్నాడు. మేడమ్ రిజిస్టరు తెరిచింది, పాత ఫొటో చూసింది, వేలిముద్ర వెయ్యండి, మీరు మీరేనని నేను రాస్తానుగా అంది. ఆయన కళ్లు చెమర్చాయి. సంతకం కుదరని చోట తన తరఫున రాయడానికి ఒక మనిషి ఉంది. తమ్ముడి తరఫున రాయడానికి ఎవరున్నారు? ఆ వాదంలో తనే గెలిచాడు. ఆ గెలుపు మాత్రం తమ్ముడికి చెప్పుకోలేడు.

బేకరీకి పోను పెద్దగా ఏమీ మిగల్లేదు.

సొమ్ము చేతికొచ్చిన రోజు మధ్యాహ్నం, పిల్ల పనికి వెళ్లాక, మాస్టారు తమ్ముడి మంచం పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. కోటు కుర్చీ వెనక వేలాడుతోంది.

"దొరికిందిరా" అన్నాడు. "కోటు విప్పినప్పుడే తీసి దాచాను. నీకు చెప్పడం మర్చిపోయాను. ఫండ్ల ఆఫీసు మేడమ్ చదివిపెట్టింది. నీ సొమ్ము వచ్చేసింది. షాపు ఇక అమ్మాయి పేరు మీదే."

తమ్ముడు కదలకుండా విన్నాడు. అప్పుడు మాస్టారు, జీవితంలో ఎవరితోనూ అనని మాట తమ్ముడితో అన్నాడు.

"నీదే గెలిచింది. నా ఫండు ఈ నెల పడిపోయి ఎందుకూ పనికిరాకుండా కూర్చుంది. నువ్వే కరెక్టు."

తమ్ముడి ముఖంలో సగం నవ్వింది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి వేళ్లు చూపించాడు. అయిదు. మళ్లీ అయిదు. మళ్లీ రెండు. ఆ చెయ్యి తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెప్పమంటున్నాడు. లోపలే ఉండి బయటికి రాని ఆ మాటల్ని ఒక్కసారి వినాలనుకుంటున్నాడు.

మాస్టారు గోడవైపు చూశాడు, కోటువైపు చూశాడు.

"పైకి చెప్పకూడదన్నావు కదరా" అన్నాడు చివరికి. "చెప్పనులే. ఈసారి ఊరందరికీ కాదు, నీకు కూడా చెప్పను."

తమ్ముడు ఆయన్ని చాలాసేపు చూశాడు. ఎంత నమ్మాడో, ఏం గ్రహించాడో చెప్పగల నోరు అతనికి లేదు. చెయ్యి చాచి అన్న కుడిచేతి వేళ్లు పట్టుకున్నాడు. బిగుసుకుపోయిన చూపుడువేలుని తన బొటనవేలితో మెల్లగా నిమిరి సాగదీశాడు, చిన్నప్పుడు మంచులో నడుస్తూ అన్న తన వేళ్లకు చేసినట్టు.

"గేటు" అన్నాడు.

"ఆ" అన్నాడు మాస్టారు. "దాటేశాంలే."

తమ్ముడు బేకరీ తెరవడం చూశాడు. చక్రాల కుర్చీలో, ఆ కోటు వేసుకుని, పొయ్యి వెచ్చదనం తగిలేచోట కూర్చున్నాడు. వచ్చినవాళ్లందరికీ పిల్ల చెప్పింది, ఇది మా నాన్న కష్టం, మా నాన్న ముందుచూపు అని. మాస్టారు బన్ను తింటూ అందరితో పాటు తలూపాడు. మరుసటి చలికాలం తమ్ముడు నిద్రలోనే పోయాడు. ఇప్పుడు చెప్పేద్దామా అని మాస్టారు రెండుమూడుసార్లు అనుకున్నాడు. పిల్ల తండ్రి ఫొటో గల్లాపెట్టె మీద పెట్టి రోజూ తుడుస్తుంటుంది. చెప్పలేకపోయాడు.

డెబ్బై దాటినా ఆయన షాపు తెరుస్తూనే ఉన్నాడు. మానేసే వీల్లేదు మరి. సూదిలో దారం పిల్ల వచ్చి పొద్దున్నే పది సూదులకి ఎక్కించి పోతుంది. కొలతలప్పుడు కాలరూ, పెళ్లికొడుకూ, న్యాయమూర్తులూ ఎప్పటిలాగే వస్తారు. పొడవు కొలిచి, డిగ్రీవాళ్ల సంగతి చెప్పి ఆగిపోతాడు. పాత వాడకందారు ఎవరైనా, అంతేనా మాస్టారూ, ఆ ఫండు సంగతి ఏదో ఉండాలే అంటే, అంతేనండీ అని టేపు చుట్టేస్తాడు.

కొత్త కాన్వాసు పరిచినప్పుడు అంచున ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే మాత్రం కత్తెర ఆగిపోతుంది. ఒకసారి వేలితో తడుముతాడు. అవేమిటో ఇప్పటికీ చదవలేడు. కొయ్యకుండా, ఎడమకి వాలిన కుట్టుతో, వాటిని అలాగే లోపల పెట్టి కుట్టేస్తాడు.